రీఫండ్ పేరుతో రెండు వలలు: అపరిచితుడి లింకు, తెలిసిన ఏజెంటు

జులై వచ్చిందంటే ఫోన్లకు రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. ఒకటి రిటర్న్ గడువు దగ్గర పడిందని ఆదాయపు పన్ను శాఖ పంపే అసలు మెసేజ్. రెండోది ఆ శాఖ పేరు తగిలించుకుని వచ్చే దొంగ మెసేజ్. 2023లో దేశమంతా తిరిగిన ఒక మెసేజ్‌ను ఈ రెండో రకానికి నమూనాగా తీసుకోవచ్చు. 'మీకు 15,490 రూపాయల ఆదాయపు పన్ను రీఫండ్ మంజూరైంది, త్వరలో మీ ఖాతాలో జమ అవుతుంది' అని అందులో ఉంది. పక్కనే, మధ్య అంకెలు కనపడకుండా ఎక్స్‌లు పెట్టిన ఒక బ్యాంకు ఖాతా నంబరు. ఆ నంబరు తప్పయితే కింది లింకు నొక్కి సరిచేసుకోమన్నది ఆఖరి వాక్యం. ఇది పచ్చి అబద్ధమని ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఫ్యాక్ట్ చెక్ విభాగం అప్పుడే ప్రకటించింది.

రాసినవాడి తెలివి ఆ ఖాతా నంబరులో ఉంది. లక్షలు వచ్చాయంటే ఎవరూ నమ్మరు. పదిహేను వేలంటే, ఏమో, కంపెనీ జీతంలోంచి ముందే పట్టే పన్ను, అంటే టీడీఎస్, ఎక్కువ కోసిందేమో అనిపిస్తుంది. తీరా చూస్తే అందులో ఉన్నది తన ఖాతా నంబరు కాదు. తన డబ్బు ఇంకెవరి ఖాతాలోకో పోతోందన్న టెన్షన్ మొదలవుతుంది, వేలు లింకు మీదికి వెళ్తుంది. మోసపోయినవాళ్లను 'ఆశకు పోయారు' అని తేలిగ్గా అనేస్తాం గానీ, ఇక్కడ లింకు నొక్కేది ఆశపోతు కాదు, లెక్క సరిచూసుకునే మనిషి. జాగ్రత్తపరుడినే పట్టేలా అల్లిన వల ఇది.

దీన్ని తప్పించుకోవడానికి కంప్యూటర్ పరిజ్ఞానం కంటే రీఫండ్ ఏ దారిలో వస్తుందో తెలిసి ఉండటం ఎక్కువ పనికొస్తుంది. రిటర్న్ వేస్తాం. 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో దాన్ని వెరిఫై చేస్తాం. బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్ లెక్క చూసి, సెక్షన్ 143(1) కింద ఇంటిమేషన్, అంటే తన లెక్క తెలిపే పత్రం, పంపుతుంది. ఆ తర్వాత, పోర్టల్‌లో మనం ముందే వాలిడేట్ చేసిపెట్టిన ఖాతాలో స్టేట్ బ్యాంకు ద్వారా డబ్బు పడుతుంది. ఈ దారిలో ఎక్కడా లింకు నొక్కే పని లేదు, కార్డు నంబరు ఇచ్చే పని అసలే లేదు. ఖాతా వివరాల్లో తేడా ఉండి డబ్బు వెనక్కి పోయిన సందర్భంలో కూడా, మనమే పోర్టల్‌లోకి లాగిన్ అయి 'రీఫండ్ రీ-ఇష్యూ' కోరాలి. రీఫండ్‌ను మనం రిటర్న్‌లో అడుగుతాం. ఆ తర్వాత దాని కోసం ఏటీఎం పిన్ అడిగేవాడు శాఖవాడు కాడు.

ఆలస్యం కూడా మోసగాళ్లకు కలిసొచ్చేదే. పక్క సీటు అతనికి వారంలో వచ్చి మనకు మూడు నెలలైనా రాకపోతే, 'మీ రీఫండ్ ఆగిపోయింది' అని వచ్చే ఏ కబురైనా నిజమే అనిపిస్తుంది. అసలు చట్టం శాఖకు చాలా గడువు ఇచ్చింది. రిటర్న్ వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఇంకో తొమ్మిది నెలల వరకు 143(1) ఇంటిమేషన్ పంపవచ్చు. అంటే 2025 జులైలో వేసిన రిటర్న్‌కు 2026 డిసెంబర్ 31 దాకా. ఆలస్యమైన రీఫండ్‌కు షరతులకు లోబడి నెలకు అర శాతం చొప్పున వడ్డీ కూడా వస్తుంది. కాబట్టి తొందరపడి ఎవరి తలుపూ తట్టనక్కర్లేదు.

లింకు నొక్కాక ఏం జరుగుతుంది? ఫోన్‌లో చొరబడి వివరాలు దొంగిలించే డ్రినిక్ అనే మాల్‌వేర్ గురించి 2021 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన హెచ్చరికలో ఈ వరస అంతా ఉంది. 2016 ప్రాంతంలో ఎస్సెమ్మెస్‌లు దొంగిలించే చిన్న ప్రోగ్రాంగా మొదలైన డ్రినిక్, తర్వాత బ్యాంకు ఖాతాలను గురిపెట్టే స్థాయికి ఎదిగింది. 27కు పైగా బ్యాంకుల ఖాతాదారులు దాని గురిలో ఉన్నారని ఆ హెచ్చరిక చెప్పింది. మెసేజ్‌లోని లింకు అచ్చం ఆదాయపు పన్ను శాఖ సైట్‌లా ఉండే పేజీకి తీసుకెళ్తుంది. అక్కడ వివరాలు నింపమని, వెరిఫికేషన్ కోసమంటూ ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు, దించుకోమని అడుగుతుంది. ఇన్‌స్టాల్ కాగానే ఆ యాప్‌కు ఎస్సెమ్మెస్‌లు, కాల్ లాగ్, కాంటాక్ట్‌లు చూసే అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చిన క్షణం నుంచి ఓటీపీలు మనకంటే ముందు మోసగాడికి చేరుతున్నట్టే.

సైట్‌లో ఏమీ నింపకుండా జాగ్రత్తపడినవాళ్లను కూడా వదలదు. అదే ఫారం యాప్‌లో మళ్లీ ప్రత్యక్షమవుతుంది, నింపితేనే ముందుకు కదులుతుంది. పేరు, పాన్, ఆధార్, పుట్టిన తేదీ వరకు మామూలుగానే ఉంటుంది. తర్వాత ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, డెబిట్ కార్డు నంబరు, దాని గడువు తేదీ, సీవీవీ, చివరికి పిన్. అన్నీ ఇచ్చాక 'మీకు ఇంత రీఫండ్ ఉంది, బదిలీ చేసుకుంటారా' అని తెర మీద కనిపిస్తుంది. మొత్తం రాసి ట్రాన్స్‌ఫర్ నొక్కితే ఎర్రర్ అంటుంది, ఆ వెంటనే ఏదో అప్‌డేట్ అవుతున్నట్టు ఒక బొమ్మ తిరుగుతూ ఉంటుంది. ఆ బొమ్మ తిరుగుతున్నంతసేపూ వెనక వివరాలన్నీ వాడికి వెళ్తుంటాయి. తర్వాత మన బ్యాంకు యాప్‌ను పోలిన తెర ఒకటి వచ్చి లాగిన్ వివరాలు కూడా పట్టేస్తుంది.

డ్రినిక్ పాతబడినా ఈ పద్ధతి పాతబడలేదు. వాట్సాప్‌లో 'ఐటీఆర్ నోటీసు', 'చలాన్', 'పాన్ అప్‌డేట్' లాంటి పేర్లతో తిరిగే ఏపీకే ఫైళ్లు ఇదే కుదురులోవి. పన్ను శాఖకు అసలు మొబైల్ యాప్ లేకపోలేదు. వార్షిక సమాచార పత్రం, అంటే ఏఐఎస్ చూసుకోవడానికి ఒకటుంది. అది ప్లే స్టోర్‌లో దొరుకుతుంది, వాట్సాప్‌లో ఫైలుగా రాదు. 2024 నవంబర్‌లో కేంద్రం పాన్ 2.0 ప్రాజెక్టు ప్రకటించాక 'మీ కొత్త ఈ-పాన్ దించుకోండి' అంటూ దొంగ మెయిళ్లు బయల్దేరాయి. ప్రభుత్వం ఏ కొత్త పథకం ప్రకటించినా దాని పేరుతో ఒక లింకు పుట్టడం ఇప్పుడు మామూలైపోయింది. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి (ఇక్కడ వాడిన నంబర్లు పాత చట్టంవి). 'కొత్త చట్టం ప్రకారం మీ వివరాలు అప్‌డేట్ చేయాలి' అనే మెసేజ్ వస్తే, అది ఎందుకు వచ్చిందో ఊహించుకోవచ్చు.

వెబ్ అడ్రసును ఎడమ నుంచి చదివే అలవాటే చాలామందిని ముంచుతోంది. మొదట 'ఇన్‌కమ్‌టాక్స్' అని కనిపించగానే నమ్మేస్తారు. చూడాల్సింది తోక. డాట్ గవ్ డాట్ ఇన్ అనే ముగింపు ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇన్‌కమ్‌టాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అంటే శాఖ. మధ్యలో గవ్ అని పెట్టి చివర డాట్ కామ్ అనో, డాట్ ఆన్‌లైన్ అనో ముగిస్తే దొంగ. మెయిల్ విషయంలోనూ అంతే. పంపినవారి పేరు ఏదైనా పెట్టుకోవచ్చు కాబట్టి, ఆ పేరు మీద నొక్కి అసలు అడ్రసు చూడాలి. ఎస్సెమ్మెస్‌లకు 2025 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక గుర్తు పెట్టించింది. ప్రభుత్వ సంస్థల మెసేజ్ అయితే పంపినవారి పేరు చివర జీ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. పది అంకెల మామూలు ఫోన్ నంబరు నుంచి 'ఇన్‌కమ్ టాక్స్ డిపార్ట్‌మెంట్' అని వస్తే ఇంక చదవనక్కర్లేదు.

ఇంతవరకు చెప్పిందంతా విని 'ఇకమీదట ఏ మెసేజ్ వచ్చినా డిలీట్ కొట్టేస్తా' అనుకుంటే ఇంకో గోతిలో పడతారు. శాఖ నిజంగానే మెయిళ్లు పంపుతుంది, వాటికి గడువులు ఉంటాయి. రిటర్న్‌లో లోపం ఉందని 139(9) కింద నోటీసు వస్తే 15 రోజుల్లో సరిచేయాలి, లేకపోతే ఆ రిటర్న్ వేయనట్టే లెక్క కట్టవచ్చు. పాత బకాయిలో రీఫండ్ సర్దుబాటు చేసుకుంటామని 245 కింద వచ్చేవీ అలాంటివే. 2025 డిసెంబర్‌లో, విరాళాల పేరుతో అనుమానాస్పద మినహాయింపులు చూపినవారికి రిటర్న్ సరిదిద్దుకోమని శాఖే ఎస్సెమ్మెస్‌లు, మెయిళ్లు పంపింది. చదవడానికి అవి కూడా బెదిరింపుల్లాగే ఉంటాయి. అసలు, నకిలీ రెండింటి భాషా ఒకటే అయినప్పుడు భాషను బట్టి తేల్చుకోలేం.

తేల్చుకునే చోటు పోర్టల్. మెయిల్‌లోని లింకును వదిలేసి, బ్రౌజర్‌లో అడ్రసు స్వయంగా టైప్ చేసి లాగిన్ అయితే, నిజమైన నోటీసు 'పెండింగ్ యాక్షన్స్' కింద ఈ-ప్రొసీడింగ్స్‌లో కనిపిస్తుంది. 2019 అక్టోబర్ 1 నుంచి శాఖ పంపే ప్రతి నోటీసు, ఆర్డరు మీదా డిన్ అనే గుర్తింపు నంబరు ఉండాలి. మినహాయింపులు ఉన్నా అవి చాలా తక్కువ. ఆ నంబరు అసలైనదా కాదా అన్నది పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ కూడా అవకుండా పరీక్షించుకోవచ్చు. ఇంత సులువైన సదుపాయం ఉందని ఎక్కువమందికి తెలియకపోవడమే విచిత్రం. ఇంకో సంగతి. 143(1) ఇంటిమేషన్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది: చిన్న అక్షరాల్లో పాన్, దాని వెంట పుట్టిన తేదీ. ఆ పాస్‌వర్డ్‌తో ఫైలు తెరుచుకుంది కాబట్టి అసలైనదే అనుకోవడం తప్పు. పాన్, పుట్టిన తేదీ తెలిసినవాడెవడైనా అలాంటి ఫైలు తయారు చేయగలడు. ఆ రెండూ ఎన్ని జిరాక్స్ షాపుల్లో, ఎన్ని లోన్ ఏజెంట్ల ఫోన్లలో ఉన్నాయో ఆలోచించుకోవచ్చు.

ఫోన్ చేసి భయపెట్టే రకం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 'మీ పాన్ మీద మనీ లాండరింగ్ కేసు ఉంది, వీడియో కాల్ కట్ చేయకండి' అనే డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. పన్ను బకాయి నిజంగా ఉంటే పోర్టల్‌లోని ఈ-పే టాక్స్‌లో చలాన్‌తో కడతాం. వ్యక్తి పేరున్న యూపీఐ ఐడీకి కట్టమన్నవాడు అధికారి కాడు.

అపరిచితుల కథ ఇది. దీనికంటే లోతుగా కొట్టేది తెలిసినవాళ్ల మోసం. అది మోసంలా కనిపించదు, సాయంలా కనిపిస్తుంది. ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో చెబుతారు: 'మా సెక్షన్‌లో అందరికీ ఆయనే వేస్తాడు, పోయినేడు నాకు అరవై వేలు ఇప్పించాడు.' నంబరు చేతులు మారుతుంది. అవతలి నుంచి సమాధానం కూడా అలవాటైనదే: 'ఫారం-16 వాట్సాప్‌లో పెట్టండి సార్, ఓటీపీ వస్తే చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం.' (ఫారం-16 అంటే జీతం, కోసిన పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే పత్రం.) ఫీజు రిటర్న్‌కు ఇంత అని ఉండదు, వచ్చిన రీఫండ్‌లో ఇంత వాటా అని ఉంటుంది. అనుమానం అక్కడే మొదలవ్వాలి. వాటా తీసుకునేవాడికి రీఫండ్ ఎంత పెరిగితే అంత లాభం, దాని కింద ఉన్న అబద్ధానికి మాత్రం అతను బాధ్యుడు కాడు.

ఆ 'మిగతాది' ఎలా చూస్తాడు? కంపెనీ కొత్త పన్ను విధానంలో టీడీఎస్ కోసి ఉంటే, అందులో ఈ మినహాయింపులు చాలావరకు చెల్లవు కాబట్టి రిటర్న్‌ను పాత విధానంలోకి మారుస్తాడు. ఇక కట్టని ఇంటి అద్దె, లేని విద్యారుణం మీద వడ్డీ, ఇంట్లో ఎవరికీ రాని జబ్బుకు 80డీడీబీ కింద ఖర్చు, ఇవ్వని విరాళం. అన్నిటికంటే అనువైనది 80జీజీసీ. రాజకీయ పార్టీకి నగదు రూపంలో కాకుండా ఇచ్చిన మొత్తానికి పూర్తి మినహాయింపు ఇచ్చే సెక్షన్ ఇది. పేరు ఎవరూ వినని ఏదో పార్టీ ఖాతాకు డబ్బు పంపిస్తారు, కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా వెనక్కి ఇస్తారు. కొందరు ఆ మాత్రం తతంగం కూడా లేకుండా రిటర్న్‌లో అంకె రాసేస్తారు. గుర్తింపు లేకుండా రిజిస్టరై మాత్రమే ఉన్న 334 పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో జాబితా నుంచి తీసేసింది. ఆరేళ్లుగా ఎన్నికల్లో పోటీ చేయకపోవడం, చెప్పిన చిరునామాలో కనిపించకపోవడం అందుకు కారణాలు.

ఇక్కడ అందరూ పొరపడే చోటు ఒకటుంది. రీఫండ్ ఖాతాలో పడింది కాబట్టి శాఖ ఒప్పుకుందని అనుకుంటారు. ప్రాసెసింగ్ సెంటర్‌లో మొదట జరిగేది కంప్యూటర్ లెక్క. మనం రాసిన అంకెల్ని చాలావరకు నమ్మి, కూడికలు, తీసివేతలు, టీడీఎస్ సరిపోయాయా అని చూసి డబ్బు పంపుతుంది. రుజువులు అడగడం తర్వాతి సంగతి, అది నెలల తర్వాత రావచ్చు, ఏళ్ల తర్వాత రావచ్చు. అప్పటికి ఏజెంటు ఫోన్ స్విచాఫ్. ఈలోగా 'ఆయన ఇప్పిస్తాడు' అన్న మాట ఇంకో పదిమందికి చేరి ఉంటుంది. మొదటి రీఫండ్ రావడమే ఈ వ్యాపారానికి ప్రచారం.

తెలుగువారికి ఇది దూరపు సంగతేమీ కాదు. 2023లో హైదరాబాద్, విజయవాడల్లో ఇలాంటి కన్సల్టెంట్ల మీద ఆదాయపు పన్ను శాఖ సర్వేలు, అంటే వాళ్ల ఆఫీసులకు వెళ్లి తనిఖీలు, చేసింది. 2025 జులై 14న దేశవ్యాప్తంగా 150 చోట్ల ఒకేసారి తనిఖీలు చేసింది. బహుళజాతి కంపెనీలు, ప్రభుత్వ రంగ సంస్థలు, ప్రభుత్వ శాఖలు, విద్యాసంస్థల ఉద్యోగులు కూడా అలాంటి రిటర్న్‌లు వేసినట్టు అప్పుడు ప్రకటించింది. అంటే చదువురానివాళ్లను మాయ చేసిన కథ కాదు ఇది. కొందరు నిజంగా తెలియక ఇరుక్కున్నారు. కొందరికి తెలుసు, అడగలేదు. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమంతట తాము రిటర్న్‌లు సరిదిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిమ్‌లు వెనక్కి తీసుకున్నారన్నది కూడా ఆ ప్రకటనలోదే.

అందులో ఇంకో వివరం ఉంది, అంతగా ఎవరి కంటా పడలేదు. కొందరు ఏజెంట్లు గుత్తగా రిటర్న్‌లు వేయడానికి తాత్కాలిక ఈమెయిల్ ఐడీలు సృష్టించి, పని కాగానే వదిలేస్తున్నారు. నోటీసులు ఆ దిక్కులేని ఇన్‌బాక్స్‌లోకి వెళ్లి పడుంటాయి. శాఖ దృష్టిలో నోటీసు అందింది, మనిషికి మాత్రం ఆ సంగతే తెలియదు. ఎవరి చేత రిటర్న్ వేయించుకున్నా పోర్టల్‌లో ప్రొఫైల్ తెరిచి ప్రైమరీ మొబైల్, ఈమెయిల్ తమవేనా అని చూసుకోవాల్సింది అందుకే. పాస్‌వర్డ్ తమ దగ్గర ఉండాలి. ఆధార్ ఓటీపీ చెప్పేముందు నింపిన రిటర్న్ పీడీఎఫ్ తెప్పించుకుని చదవాలి, ఎందుకంటే ఆ ఆరు అంకెలు చెప్పడమంటే కింద సంతకం పెట్టడమే. 'నేను కాదండీ, ఏజెంటు రాశాడు' అన్న మాట నోటీసుకు జవాబుగా నిలబడదు.

లెక్కగా చూస్తే నష్టం ఎంతో తెలుస్తుంది. పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగి రెండు లక్షల దొంగ మినహాయింపు చూపించాడనుకుందాం. సెస్సు పక్కన పెడితే ఎగ్గొట్టిన పన్ను 60,000. పట్టుబడితే ఆ 60,000 కట్టాలి, దానిపై వడ్డీ కట్టాలి. సెక్షన్ 270ఎ ప్రకారం తప్పుడు సమాచారం ఇచ్చినందుకు పన్ను మీద 200 శాతం, అంటే ఇంకో 1,20,000 జరిమానా పడవచ్చు. ప్రాసిక్యూషన్‌కూ, అంటే కోర్టులో కేసుకూ, అవకాశం ఉంది. ఏజెంటు తీసుకున్న వాటా తిరిగి రాదు. పైగా ఇప్పుడు రిటర్న్ ఫారాల్లోనే పాలసీ నంబరు, రుణం ఇచ్చిన బ్యాంకు, జబ్బు పేరు లాంటి వివరాలు అడుగుతున్నారు. ఊరికే అంకె రాసేసే రోజులు పోతున్నాయి.

ఇప్పటికే ఇలాంటి రిటర్న్ వేసేసినవారికి దారి మూసుకుపోలేదు. గడువు ఉంటే రివైజ్డ్ రిటర్న్, అంటే సరిదిద్దిన రిటర్న్, వేయవచ్చు. అది దాటితే అప్‌డేటెడ్ రిటర్న్, అంటే ఐటీఆర్-యు. 2025 ఫైనాన్స్ చట్టం దీని గడువును అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఆర్థిక సంవత్సరం) ముగిశాక 24 నెలల నుంచి 48 నెలలకు పెంచింది. మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద అదనంగా 25 శాతం, రెండో ఏడాది 50, ఆపై 60, 70. భారమే, కానీ 200 శాతం కంటే తక్కువ. సోదా, సర్వే, అసెస్‌మెంట్ లాంటివి మొదలయ్యాక మామూలుగా ఈ అవకాశం ఉండదు.

పాన్ దుర్వినియోగం ఇంకో కోణం. కూలి పని చేసుకునేవాళ్ల పాన్, ఆధార్ కాపీలతో జీఎస్టీ రిజిస్ట్రేషన్లు తీసుకుని కోట్లలో దొంగ ఇన్‌వాయిస్‌లు నడిపిన కేసులు వింటూనే ఉన్నాం. ఏఐఎస్‌ను రిటర్న్ వేసే ముందు ఒకసారి తెరిస్తే, మనకు తెలియని ఆదాయాలు, లావాదేవీలు మన పాన్ మీద ఉన్నాయా లేదా తెలుస్తుంది. ఉంటే అక్కడే అభ్యంతరం నమోదు చేయవచ్చు. మన పేరు మీద ఎవరైనా అప్పు తీసుకున్నారా అన్నది క్రెడిట్ రిపోర్టులో బయటపడుతుంది. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి.

అమెరికాలోని తెలుగువారికి ఈ సీజన్ ఏప్రిల్ 15 గడువుకు ముందు వస్తుంది. అక్కడ ఆశ కంటే భయం ఎక్కువ పనిచేస్తుంది. 2016 అక్టోబర్‌లో ఠాణే జిల్లా మీరా రోడ్ కాల్ సెంటర్ల గుట్టు రట్టయినప్పుడు తెలిసిందేమిటంటే, అక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ అధికారులమంటూ అమెరికాకు ఫోన్లు చేసింది ఇక్కడి కుర్రాళ్లే. అరెస్టు చేస్తాం, దేశం నుంచి పంపించేస్తాం అని బెదిరించి గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు గుంజారు. ఎఫ్-1, హెచ్-1బీ వీసాల మీద ఉన్నవారికి ఆ రెండో మాట చాలు, కాళ్లు వణకడానికి. ఐఆర్ఎస్ సాధారణంగా మొదట ఉత్తరం పంపుతుంది, గిఫ్ట్ కార్డులు అడగదు. సోషల్ సెక్యూరిటీ నంబరు దొంగిలించి ముందే రిటర్న్ వేసి రీఫండ్ కొట్టేసే మోసానికి ఐఆర్ఎస్ ఇచ్చే ఆరంకెల ఐపీ పిన్ మంచి విరుగుడు. బాధితులైనా కాకపోయినా అడిగి తీసుకోవచ్చు.

ఇండియాలో మోసం జరిగిపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేసే ఫోనే మొదటి పని, పరువు గురించి ఆలోచన తర్వాత. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కణ్నుంచి నాలుగింటికి చీలిపోయేలోపు ఫిర్యాదు అందితే బ్యాంకులు ఆ మొత్తాన్ని ఆపగలవు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఇవ్వొచ్చు. ఏపీకే ఇన్‌స్టాల్ అయిపోయి ఉంటే ఆ ఫోన్ నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ బ్లాక్ చేయించాలి. పాస్‌వర్డ్‌లు కూడా ఆ ఇంకో ఫోన్ నుంచే మార్చాలి. ఏపీకే ఎక్కిన ఫోన్‌లో మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా వాడికే చేరుతుంది.